పరంధామం వచ్చాడా, చచ్చాడా

నా మనవరాలు హర్షిత మొన్న సెలవులకని ఆదోనికి వచ్చింది. భుజం మీది సంచి దించలేదు, కాళ్ళు కడుక్కోలేదు, ఫోను తెచ్చి నా ముక్కు ముందర పెట్టి, “తాతా, నువ్వు అచ్చాఫీసులో పనిచేసినావు గదా, ఈడ ఏముందో సరిగ్గా సదివి సెప్పు. వచ్చాడా, చచ్చాడా?” అంది. చేతిలోని టీ తొణికి నా పంచె మీద పడింది. నేను ఉలిక్కిపడింది వేడికని ఆ పిల్ల అనుకుంది. వేడికి కాదు. ఆ రెండు మాటలనూ అట్లా పక్కపక్కన నిలబెట్టి ఒకరు నన్ను అడగడం నా జన్మలో ఇది రెండోసారి. మొదటిసారి అడిగిన మనిషి మా అక్క సుంకమ్మ. ఎమ్మిగనూరులో ఇంకా గట్టిగానే ఉంది. ఆమె సంగతికి వస్తాను గాని, ముందు ఈ కాలపు పిచ్చి గురించి నాలుగు మాటలు అనకపోతే నా కడుపుబ్బరం తగ్గదు.

వీళ్ళదొక ఆట. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఆడేది. దాని పేరు నాకు నోరు తిరగదు. అందులో వర్దెక్ అని ఒకడుంటాడట. నేను వరదయ్య అంటాను, మనవరాలికి ఒళ్ళు మండుతుంది. ఈ వరదయ్య ఆట చివర్న మంచులో ఒక రాతి తలుపు తోసుకొని లోపలికి పోతాడు. తలుపు మూసుకుంటుంది. అంతే, ఆట అయిపోయింది. లోపల చచ్చాడా, ఇంకో వైపు నుంచి బయటికి వస్తాడా అన్నది ఆట చేసినవాళ్ళు చెప్పలేదు. చెప్పకపోతే మర్యాదస్తులు ఏం చేస్తారు? ఇంకో ఆట ఆడుకుంటారు. వీళ్ళు అట్లా కాదు. ఏళ్ళ తరబడి, దేశదేశాల్లో కూర్చొని ఆ తలుపు మీది గీతలు పరిశోధిస్తున్నారు. గొళ్ళెం ఎడమ పక్కన ఉంది కాబట్టి చచ్చినట్టే అని ఒకడు ఒక పూటంతా మాట్లాడి వీడియో పెట్టాడు. మంచులో ఒక కాలి అడుగులే పడ్డాయి కాబట్టి రెండో కాలు ఇంకా బతికే ఉందని ఇంకొకడు. ఇప్పుడు ఆ ఆటను బొమ్మల సిరీస్‌గా తీస్తున్నారట. ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. “త్వరలో” అంటూ ఒక చిన్న తునక మాత్రం వదిలారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు నవ్వారు గాని, ఆ సోమలింగం ఉన్నాడా పోయాడా అని జనం జుట్లు పట్టుకునే రోజు వస్తుందని పాపం వాళ్ళకు తోచలేదు.

ఆ తునకలో తలుపు తెరుచుకుంటుంది, వెలుగు పడుతుంది, కింద ఒక్క వరుస అక్షరాలు కనిపిస్తాయి. ఇంగ్లీషులో వాడు తిరిగి వచ్చాడనే ఉందట. హిందీలోనూ అంతే. తెలుగులో మాత్రం, నేను కళ్ళద్దాలు తుడుచుకొని మరీ చూశాను, శుభ్రంగా “వర్దెక్ మళ్ళీ చచ్చాడు” అని ఉంది.

“అచ్చుతప్పు,” అన్నాను. “వ పడాల్సిన చోట చ పడింది. పో, కాళ్ళు కడుక్కో.”

“అట్ల కొట్టిపారేయొద్దు తాతా. ఆటలో వాడు ఎన్నోసార్లు సస్తాడు, మళ్ళీ లేస్తాడు. మళ్ళీ చచ్చాడంటే అర్థముంది.”

“ఒకసారి సచ్చినోడు మల్లా ఎట్ల సస్తాడు పాపా?”

“మనం సరిగ్గా ఆడకుంటే.”

నిజం చెప్పాలంటే ఏ మతగ్రంథంలోనూ ఇంత సూటి జవాబు నాకు దొరకలేదు.

మా తాత జన్మంతా అక్షరాలు కూర్చినవాడు, అచ్చుతప్పు అంటున్నాడు అని ఆ పిల్ల తన గ్రూపులో పెట్టింది. క్షణాల్లో జవాబులు. ఇంగ్లీషులో దాచింది తెలుగులో బయటపడిందట. ఎక్కడో మంచుదేశంలో ఒకడు, తెలుగు ఓనమాలు చూసి ఎరగనివాడు, మన చ చుట్టూ ఎర్రగా సున్న చుట్టి, ఆ అక్షరం పొట్టలోని నొక్కు అచ్చం ఆ రాతి తలుపు సందులాగా ఉంది చూడండి అని రాశాడు. ఇంకొకడు ఎవడో మనవాడే, “మీ తాతను కంపెనీవాళ్ళు కొనేసినారు” అన్నాడు. నన్ను! ఇంతవరకూ పాత పేపర్లు కొనేవాడు తప్ప ఏ కొనేవాడూ నా గడప తొక్కలేదు.

“మీరే కొత్తగా కనిపెట్టినట్లు ఎగురొద్దు,” అని పాపను కూర్చోబెట్టి పరంధామం సంగతి చెప్పాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, తిట్లు కొన్ని తీసేసి.

అప్పట్లో మేము ఎమ్మిగనూరులో మా మేనమామ నాగప్ప మగ్గాల సాలలో ఉండేవాళ్ళం. సాల అంటే పొడవాటి మట్టిమిద్దె, నేలలో వరుసగా గుంతలు, గుంతల్లోకి కాళ్ళు వేలాడేసుకొని నేసే మగ్గాలు. మా నాయన లేడు. అమ్మ పొద్దున్నే నూలుకు పెట్టే గంజి కాచేది, అదే పొయ్యి మీద తర్వాత జొన్నరొట్టెలు కాల్చేది, కాబట్టి మా రొట్టెకు గంజి వాసన, మేము నేసిన చీరకు రొట్టె వాసన ఉండేవి. రంగు నీళ్ళ కుండలు, తడి నూలు, నాగప్ప మామ చుట్ట, మూలన కిరసనాయిలు డబ్బా, వీటన్నిటి మీదుగా ఎండుమిరపకాయల ఘాటు. ఇప్పుడు ఆదోనిలో పట్టుచీరల కొట్టు ముందర నడిచినప్పుడు చల్లని గాలీ అత్తరూ తగులుతాయి. ఆ బట్టకు ఏ ఇంటి వాసనా ఉండదు. ఎవరు నేశారో దానికే తెలియదు.

నేను బడిలో మూడో తరగతి మెట్టు దాటలేదు. నాకు చదువు వచ్చింది వారపత్రిక వల్ల. ఆదోని రైలుస్టేషన్లో దిగి, బస్సు మీద మా ఊరికి వచ్చేది. ముందు ఖాదర్ భాయ్ టీ అంగట్లో అందరి చేతులూ తిరిగి, గ్లాసు మచ్చలతో సాయంత్రానికి మా సాలకు చేరేది. సాలలో అక్షరం గుర్తుపట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి మీసాలు వచ్చిన వయసు, నేసే పని నాకు చేతకాదని తేలిపోయింది, కాబట్టి చదివే పని అప్పగించారు. మగ్గాల మధ్య నిలబడి గొంతు చించుకొని సీరియల్ చదవాలి. వాళ్ళు నేస్తూనే వినేవాళ్ళు. కథ బిగువుగా ఉంటే ఒక్కొక్క మగ్గమే చప్పుడు ఆపేది. ఏ వారం కథ ఎంత బాగుందో పత్రికవాళ్ళకు అమ్మకాల్లో తెలిసేదేమో, మాకు ఆగిన మగ్గాల్లో తెలిసేది. సాలంతా నిశ్శబ్దమైతే ఆ వారం రచయిత గెలిచినట్టు.

ఆ సాలలో ఒక మగ్గం మాత్రం ఎప్పుడూ ఆగే ఉండేది. అది మా బావ ఈరన్నది. అక్కను చేసుకున్నప్పటి నుంచి మా సాలలోనే నేసేవాడు. మంచి చెయ్యి. ఒకరోజు సగం నేసిన ఆకుపచ్చ చీర మగ్గం మీదనే వదిలి, బొంబాయి వైపు మిల్లుల్లో పనుందని పోయాడు. మళ్ళీ కబురు లేదు. వచ్చినవాళ్ళను అడిగితే చూసినాము అని ఒకరు, చూడలేదని ఒకరు. అక్క ఆ మగ్గాన్ని ఎవర్నీ తాకనిచ్చేది కాదు. దారాల మీద దుమ్ము పేరుకొంది, ఎలుకలు అంచు కొరికాయి. సాలలో నేసే చెయ్యి ఒకటి ఖాళీగా ఉంటే ఇంట్లో రొట్టె ఒకటి తగ్గినట్టే. “కోసి పారేసి కొత్తది ఎక్కిద్దాం లేమ్మా” అని మామ అప్పుడప్పుడూ అనేవాడు. అక్క తల ఎత్తకుండా, “ఆయప్ప వచ్చి నేస్తాడు మామా” అనేది. ఆ మగ్గం పక్కనే కూర్చొని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. చుట్టుతూ సీరియల్ వినేది.

సీరియల్ ఏదో కోస్తా రేవుపట్నంలో ఉప్పు వర్తకుల ఇంటి కథ. అందులో పరంధామం అనేవాడు కథకు ముఖ్యుడు కూడా కాడు. ఆ ఇంటి చిన్నల్లుడు. పెళ్ళాన్ని వదిలి రంగూనుకు ఓడెక్కాడు. అప్పుడప్పుడూ రచయితకు గుర్తొస్తే ఒక పేరాలో అతని ప్రస్తావన ఉండేది. ఆ పేరా వచ్చినప్పుడు రాట్నం ఆగేది. సాలలో అందరికీ తెలుసు. ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఒక వారం కథలో పెద్ద వాన. రాత్రి వీధి తలుపు దబదబా కొడతారు. పరంధామం భార్య దీపం పట్టుకొని లేస్తుంది. వీధిలోంచి ఎవరో అరుస్తారు. ఆ అరుపుతో ఆ వారం కథ ముగిసింది. నేను ఎంత గొంతుతో చదవాలో అంత గొంతుతో చదివాను: “పరంధామం చచ్చాడు!”

సాలలో సగం మంది “అబ్బ!” అని నవ్వారు. సగం మంది “అయ్యో!” అన్నారు. ఇందులో ఒక చిక్కుంది. మా ఊళ్ళో నోటితో ఎవరూ వచ్చాడు అనరు, చచ్చాడు అనరు. వచ్చినాడు అంటాం, సచ్చినాడు అంటాం. ‘వచ్చాడు’ అనేవాడు మాకు పత్రికలో మాత్రమే కనిపించే మనిషి. ఇప్పుడు నేను రాస్తున్న ఈ భాష కూడా ఆ పత్రికల దగ్గర నేర్చుకొని తొడుక్కున్న చొక్కాయే, ఇంట్లో నేనూ బనీనుతోనే ఉంటాను. కాబట్టి మగ్గాల చప్పుట్లో ఎవరికి ఏది కావాలో అది వినిపించింది. రాట్నం ఆగింది. అక్క లేచి వచ్చి నా పక్కన నిలబడి, అక్షరాలు రాని కళ్ళతో ఆ కాగితం లోపలికి చూసింది.

“వచ్చాడా, చచ్చాడా? సరిగ్గా సూసి సెప్పురా.”

“చ మాదిరే ఉందిక్కా.”

“మాదిరే ఉందా? చ నేనా?”

నేను జవాబు చెప్పేలోగా నాగప్ప మామ గుంతలోంచి పైకి లేచి పత్రిక లాక్కున్నాడు. ఆయనకూ చదువు రాదు. అయినా తిప్పి తిప్పి చూసి, వంటల పేజీ దగ్గర ఆగి, “ఇదేందిరా, సదువు” అన్నాడు. అక్కడ గుత్తి చంకాయ కూర అని పడి ఉంది. అంతే, మామకు ఆయుధం దొరికింది.

“వంకాయను సంకాయ సేసిన నా కొడుకు, వచ్చినోన్ని సచ్చినోన్ని సేయడా?” అని మొత్తం సాలను అడిగాడు. అక్కడితో వచ్చినాడు పార్టీ పుట్టింది.

సచ్చినాడు పార్టీ మర్నాడు ఖాదర్ భాయ్ అంగట్లో పుట్టింది. ఖాదర్ భాయ్ నెమ్మదస్తుడు, టీ పోసేటప్పుడు కూడా గ్లాసుకు నొప్పి తగులుతుందేమో అన్నట్టు పోసేవాడు. కానీ వాదం అంటే వదిలే మనిషి కాదు. “వంకాయ తప్పు, ఒప్పుకుంటాన్నా. ఆ పరంధామం పేజీలో వర్షం అని కూడా ఉంది గదా నాగప్పా. వర్షం బాగనే పడింది గదా?” అన్నాడు. అంగడంతా చప్పట్లు కొట్టింది. నాగప్ప మామ వెనక్కు తగ్గలేదు. అసలు నీ అంగడి టీ మచ్చ పడే వ కాస్తా చ అయింది అన్నాడు. ఖాదర్ భాయ్‌కి కోపం వచ్చింది. “నా టీ తాగి సచ్చినోడు ఈ ఊర్లో ఒక్కడు ల్యాడు!” అన్నాడు.

వారాలు గడిచాయి. రచయిత మహానుభావుడు పరంధామం ఊసే ఎత్తలేదు, ఉప్పు లారీల సమ్మె గురించి రాసుకుంటూ పోయాడు. ఇక్కడ మా ఊరు రెండుగా చీలింది. కౌతాళం సంతకు పోయినవాళ్ళు అక్కడ కన్నడం వాళ్ళకు కూడా కథ చెప్పి, “బందనో, సత్తనో?” అని వాళ్ళ తీర్పు తెచ్చేవాళ్ళు. కైరుప్పలలో ఉగాది వెళ్ళిన మర్నాడు రెండు వర్గాలు పిడకలతో కొట్టుకుంటాయి గదా, ఆ కొట్లాటకు కూడా సాయంత్రానికి రాజీ ఉంటుంది. మాకు లేదు. సచ్చినాడు పార్టీవాడు పిల్లను ఇస్తానంటే వచ్చినాడు పార్టీ ఇంటివాళ్ళు ఆలోచించి చెప్తాం అన్నారు.

వీళ్ళలో ఎవరికీ పరంధామంతో పని లేదు. పనున్న మనిషి ఒక్కతే. అది ఎవరికీ తెలియక కాదు. ఖాదర్ భాయ్ అంగట్లో సింహం మాదిరి అరిచేవాడు, అక్క పాల చెంబుతో వచ్చిందంటే మాత్రం గొంతు తగ్గించి, “అంటే... నేను పరంధామం సంగతి మాత్రమే సెప్తాండానమ్మా” అనేవాడు. నాగప్ప మామ అవస్థ వేరు. ఒకరోజు ఇంట్లో జొన్నలు అడుగంటాయి. మామ కత్తెర తీసుకొని బావ మగ్గం దగ్గరికి పోయాడు. అక్క రాట్నం వదలకుండానే అడిగింది.

“యాడికి మామా కత్తెరతో?”

“ఎన్నాళ్ళమ్మా ఇట్ల? ఆ ఈరన్న ఇంగ...”

“నువ్వే గదా మామా వచ్చినాడు అంటివి. ఊరంతా సాటింపు ఏస్తివి. సంకాయ కత కూడా సెప్తివి.”

“అది పరంధామం అమ్మా!”

“అవును, పరంధామమే.”

మామ కత్తెర చూరులో దోపి తన గుంతలోకి దిగాడు. తన వాదం గెలిచినకొద్దీ తన ఇంట్లో ఒక మగ్గం మూలబడిపోతున్న మనిషిని నేను ఆయన ఒక్కణ్ణే చూశాను.

తర్వాత పత్రిక మూతపడింది. చెప్పాపెట్టకుండా. కథ ఉప్పు దిబ్బ మీదనే ఆగిపోయింది. రెండు పార్టీలూ మొదటిసారి ఏకమై ఆ పత్రికవాళ్ళను తిట్టాయి. అట్లా సద్దుమణిగేదే గాని, ఒకరోజు ఆదోని నుంచి జట్కా ఒకటి రెండు పక్కలా అట్టలు కట్టుకొని, మైకులో అరుచుకుంటూ మా ఊళ్ళోకి వచ్చింది. ఆ కథనే బొమ్మగా తీస్తున్నారట. మా వైపు సినిమాను బొమ్మ అనే అంటాం. ‘అతి త్వరలో’ అని రాసుంది. ఆ ‘అతి త్వరలో’కు రెండు ఎండాకాలాలు పట్టింది. ఆ రెండు ఎండాకాలాలూ మా ఊరు ఏం చేసిందో చెప్తే ఈ పిల్లలు సిగ్గుపడాలి, లేదా నేను పడాలి. గోడకు అంటించిన వాల్‌పోస్టరు మూలన, నాయికా నాయకుల వెనకాల, వీపు తిప్పుకొని ఒక తలపాగా మనిషి నిలబడి ఉన్నాడు. అతను పరంధామమే అని మామ. పరంధామం దయ్యం అని ఖాదర్ భాయ్. దయ్యమైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, చూస్తే తేలిపోతుంది. కానీ సరిగ్గా పాదాల మీద ఎవడో తలనొప్పి మందు కాగితం అంటించాడు. మామ ఆ కాగితాన్ని తడిగుడ్డతో నానబెట్టి నానబెట్టి గీకాడు. తలనొప్పి మందుతో పాటు పాదాలు కూడా ఊడి వచ్చాయి. ఇప్పుడు నా మనవరాలి గ్రూపులో బొమ్మను ఆపి, పెద్దది చేసి, బాణాలు గీసి చూపిస్తున్నారు. మాకు తడిగుడ్డ ఉండేది. తేడా అంతే.

బొమ్మ ఆదోనికి వచ్చిన రోజు సాల మూసేశాం. ఖాదర్ భాయ్ అంగడి మూశాడు. రెండు పార్టీలూ ఒకే బస్సులో, ఎదురెదురు సీట్లలో కూర్చొని బయల్దేరాయి. అక్క కూడా వచ్చింది. తలంటుకొని, మడత విప్పిన చీర కట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. ఆదోని పొలిమేరల్లో జిన్నింగు మిల్లుల దూది గాల్లో తేలుతూ వచ్చి ఆమె తల మీద వాలితే దులుపుకోలేదు. మ్యాట్నీ. ఆడవాళ్ళ బెంచీలు ఒకవైపు, మేము ఒకవైపు. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

బొమ్మ బాగుందనే అందరూ అన్నారు. రేవు ఉంది, ఉప్పు ఉంది, సమ్మె ఉంది, వాన కూడా ఉంది. వానలో వీధి తలుపు దబదబా కొట్టారు. మా వాళ్ళంతా బెంచీల మీద నుంచి లేచారు. తలుపు తీస్తే హాస్యగాడు. తడిసిన కోడిని చంకలో పెట్టుకొని వచ్చి పాట పాడాడు. ఆ తర్వాత పెళ్ళి, శుభం, జనగణమన. పరంధామం లేడు. చిన్నల్లుడు లేడు. అసలు ఆ ఇంటికి చిన్నకూతురే లేదు. బొమ్మ తీసినవాళ్ళు ఆ ముక్కంతా తీసి అవతల పెట్టి, అక్కడ కోడిని పెట్టారు.

నాగప్ప మామ గేటు దగ్గరికి పోయి, “ఇంగొక రీలు ఉండాల గదా అన్నా?” అని అడిగాడు.

“జనగణమన అయిపోయింది. నడవండి, నడవండి.”

“అది గాదు. పరంధామం?”

“పరంధామమా?” అన్నాడు గేటువాడు. “మీతో పాటు వచ్చినాడా?”

ఖాదర్ భాయ్ నవ్వలేదు. మామ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. “సూపియ్యలేదంటే సచ్చినట్లే గదా?” అని మెల్లగా మొదలుపెట్టాడు. “సచ్చింటే ఫోటోకు దండ ఏసి గోడకు పెట్టుంటారు. గోడ మీద ఫోటో ఉండెనా?” అని మామ. అంటే అప్పుడు కూడా వాదం తేలలేదు. కథ చదివినవాడికి తేలలేదు, బొమ్మ చూసినవాడికి తేలలేదు. ఒక్క మనిషికి తేలింది.

అక్క హాలు ఎదురుగా బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ తింటోంది. బావ పోయినప్పటి నుంచి ఆమె బయట ఏదీ నోట పెట్టడం నేను చూడలేదు. కారానికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, “ఏమంటాండారు మీ పెద్దమనుషులు?” అంది.

“ఇంగా కొట్లాడుకుంటాండారక్కా. వచ్చినాడో, సచ్చినాడో.”

“వాడు రానూ లేదు, సావనూ లేదురా,” అంది అక్క. “ఇంటికని బయలెల్లనే ల్యాదు.”

ఇంకో బజ్జీ తీసుకుంది.

మర్నాడు పొద్దున గంజి పొంగు వచ్చే వేళకు సాలలో కొత్త చప్పుడు వినిపించింది. అక్క బావ మగ్గం గుంతలోకి దిగి కూర్చొని ఉంది. తెగిన పోగులు ముడివేసుకుంది, ఎలుకలు కొరికిన అంచు అట్లాగే వదిలేసింది. ఆడవాళ్ళు నూలు చుట్టాలి, గంజి పెట్టాలి గాని గుంతలో కూర్చోరని ఒక లెక్క ఉండేది మా సాలలో. ఆ లెక్క ఎవరూ ఎత్తలేదు. ఆమె కాలు తొక్కింది, పోగుల మధ్యకు నాడె విసిరింది. ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. సాలంతా నిశ్శబ్దంగా ఆమె చప్పుడు ఒక్కటే వింది. ఏ రచయితకూ ఆ సాలలో అంత గెలుపు దొరకలేదు. ఆ ఆకుపచ్చ చీరలో సగం వరకూ బావ చెయ్యి, సగం నుంచి అక్క చెయ్యి. తేడా దగ్గరికి పోయి చూస్తే తప్ప తెలియదు. నేసింది అమ్మలేదు, చిరిగిపోయేదాకా తనే కట్టుకుంది.

బావ తర్వాత వచ్చాడా అని అడుగుతారు. రాలేదు. పోయాడన్న కబురూ లేదు. నేను మటుకు ఆదోనిలో ఒక చిన్న అచ్చాఫీసులో చేరి, పెళ్ళి పత్రికలకూ సినిమా కరపత్రాలకూ అక్షరాలు కూర్చాను. అచ్చు వేశాక విప్పిన సీసపు అక్షరాలను ఎవరి గూట్లో వాళ్ళను వెయ్యాలి. ఏమరుపాటుగా వ ఒకటి చ గూట్లో పడితే అది అక్కడే పొంచి ఉంటుంది, ఎప్పుడో ఒకరి పెళ్ళిలో బయటికి వస్తుంది. ఇప్పుడు గూళ్ళు లేవు, ఎవరి వేలు ఎక్కడ జారిందో పట్టుకోలేం. మొన్న ఆ బొమ్మలవాళ్ళు తప్పు దిద్దుకున్నారు, “మళ్ళీ వచ్చాడు” అని మార్చారు. దిద్దారు కాబట్టే చావు ఖాయం, లేకుంటే ఎందుకు దాస్తారు అని గ్రూపులో తేల్చారట. మా పత్రిక బతికుండి తప్పు దిద్దుకొని ఉంటే ఖాదర్ భాయ్ కూడా సరిగ్గా అదే అనేవాడు. ఇంతకాలానికి లోకం ఏం ముందుకు పోయింది అంటే, అప్పుడు ఒక టీ అంగట్లో పట్టే తెలివితక్కువతనం ఇప్పుడు భూగోళమంతా పడుతోంది.

ఇది విని హర్షిత ఊరుకోలేదు. అవ్వను చూడాలంది. ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాం. అక్కకు ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఆ మగ్గం గుంత పూడ్చేసి దాని మీదనే మంచం వేసుకుంది. మేము పోయేటప్పటికి బొరుగులతో ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి పెట్టింది. పిల్ల తింటూ కూడా ఫోను వదలకపోతే, “ఏం పాపా, అంత ఆశగా సూస్తాండావు, మొగుడా?” అంది. హర్షిత నవ్వి, వరదయ్య కథ మొదటి నుంచి చెప్పింది. మంచు, తలుపు, తునక, అచ్చుతప్పు. అక్క చివరిదాకా వింది.

“పోయినాడు సరే. వాని ఇంటికాడ ఎవురుండారు?”

ఆ గ్రూపులో ఇంతమంది ఉన్నారు, గొళ్ళెం గురించి అడిగారు, అడుగుల గురించి అడిగారు, ఇది ఎవరూ అడిగినట్టు లేదు. మా సాలలోనూ అంతే. పరంధామం పెళ్ళాం పేరు ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రావడం లేదు.

హర్షిత ఫోను ఒళ్ళో పెట్టుకుంది. “ఒకామె ఉందవ్వా. ఆట మొదట్లోనే, గడప దగ్గర దీపం పట్టుకొని నిలబడి ఉంటాది. మనం పోయి తాకితే ‘వస్తాడు’ అంటాది.”

“ఇంగేమంటాది?”

“అంతే. ఎన్నిసార్లు తాకినా అదే మాట.”

“ఎప్పటిసంది నిలబడింది?”

“ఆట వచ్చినప్పటి నుంచి.”

“కూచోమని సెప్పు తల్లీ,” అంది అక్క. “కాళ్ళు పోతాయి.”

హర్షిత నిజంగానే ఫోను తీసి, ఆమె దగ్గరికి పోయి, ఆ పక్కనా ఈ పక్కనా తాకి చూసింది. ఆమె దీపం పట్టుకొని వస్తాడు, వస్తాడు అంటూనే ఉంది.

“కూచోబెట్టేదానికి ఆటలో యాడా ల్యాదవ్వా.”

“యాడుంటాది. మొగోళ్ళు సేసింటారు,” అని అక్క పళ్ళెం మా ముందుకు జరిపింది. “తినండి, బజ్జీలు సల్లారిపోతాండాయి.”